గోపురానికి కనపడని ఊట

వాల్దెసార్సా ఊరివాళ్లు చేసిన ఆ పొరపాటు వాల్దెసార్సా వాళ్లే చేయగలరు. పుట్టిన దగ్గర్నుంచీ వాళ్లు మఠం గంట గోపురం కింద బతికారు. పొలంలో ఉన్నా, పెరట్లో ఉన్నా, పెళ్లాంతో పోట్లాడుతున్నా తలెత్తితే అదే కనిపించేది. దాని మెట్లు ఎక్కే భాగ్యం సన్యాసులకు తప్ప ఊళ్లో ఎవరికీ దక్కలేదు. అందుకని ఆ గోపురం మీద నిలబడితే లోకంలో కనపడనిదంటూ ఉండదని తాతల నాటి నుంచీ నమ్మేశారు. మనల్ని ఎప్పుడూ చూస్తూ ఉండేదానికి అన్నీ కనపడతాయనుకోవడం పేదవాడికి సహజమే.

మఠానికీ ఊరికీ దావా నడుస్తోంది. ఊరికి పడమట ఒక గట్టు ఉంది, గట్టు దాటితే లోవ, ఆ లోవలో ఒక ఊట. గట్టు అవతల ఉన్నదంతా ఎండు రాళ్ల నేల, దాన్ని ఎవరూ వాడలేదు, కాబట్టి పాతకాలపు రాజుగారి దానపత్రం ప్రకారం అది మాదే అని మఠం వాదన. వాళ్ల గొర్రెల మందలకు నీళ్లు కావాలి మరి. ఆ ఊట మా ముత్తాతల నాటిది, మాది అని ఊరి వాదన. వయ్యదొలీద్‌లోని పెద్ద కోర్టు న్యాయమూర్తులు ఇంత దూరం వచ్చి రాళ్లూ రప్పలూ చూడరు కదా. అందుకని ఒక అధికారినీ, ఒక చిత్రకారుణ్నీ పంపారు. చిత్రకారుడు నేలను చూసి పటం గీస్తాడు. ఆ పటాన్ని కోర్టులో బల్ల మీద పరుస్తారు. పటంలో ఉన్నదే నేల. పటంలో లేనిదాని గురించి తర్వాత ఎవరూ నోరెత్తడానికి లేదు.

"చిత్రకారుడు ఎక్కడ నిలబడి గీయాలి? ఇద్దరూ ఒప్పుకున్న చోటు చెప్పండి," అన్నాడు అధికారి.

ఊరిపెద్ద తొరీబియో ఛాతీ విరుచుకుని, మఠం వాళ్లు నోరు తెరిచేలోపే, "గోపురం మీద," అన్నాడు. మఠం వ్యవహారాలు చూసే ఫాదర్ అన్సెల్మో ఒక్క క్షణం ఆగి, ఎంతో త్యాగం చేస్తున్నవాడిలా తలూపాడు. తొరీబియో కాగితం మీద సిలువ గుర్తు పెట్టాడు, ఫాదర్ సంతకం పెట్టాడు. అందరూ చర్చి వసారాలోంచి బయటికొచ్చారు.

బయట బట్టల మూటతో బ్రియాండా నిలబడి ఉంది. మొగుడు పోయాక ఈమె చర్చి గుడ్డలూ, సత్రం దుప్పట్లూ, కాస్త కలిగినవాళ్ల చొక్కాలూ ఉతికి బతుకుతోంది. మనిషి పొట్టి, చేతులు మాత్రం మగాడివి. మాట అంటే అనడమే, వెనక్కి తీసుకోవడం ఆమెకు రాదు.

"తొరీబియో, గోపురం అని నువ్వే అన్నావా, వాళ్లు అనిపించారా?"

"నేనే అన్నా. ఏం? అంత ఎత్తు మీంచి పోర్చుగల్ దాకా కనిపిస్తుంది."

"పోర్చుగల్ కనిపిస్తుందేమో. మన ఊట కనపడదు."

"నువ్వెప్పుడు ఎక్కావే గోపురం?"

"నేనెక్కలేదు. ఊట దగ్గర నిలబడితే గోపురం కనపడదు. దాని నెత్తిన ఉన్న సిలువ కూడా కనపడదు. మాకు అది కనపడకపోతే దానికి మేం కనపడతామా? అసలు ఆడవాళ్లమంతా ఇంత గట్టెక్కి దిగి అక్కడే ఎందుకు ఉతుకుతామనుకున్నావు?"

ఊళ్లో మగవాళ్లెవరికీ ఎప్పుడూ తట్టని సంగతి అది. ఆ లోవలో ఆడవాళ్లు పావడాలు తొడల దాకా ఎగదోపుకుంటారు, చేతులు భుజాల దాకా మడుచుకుంటారు, మొగుళ్ల మీద పాటలు కట్టి పాడతారు. సన్యాసుల కన్ను పడని చోటు ఊరి పొలిమేరల్లో అదొక్కటే. దాచుకోవడానికి పనికొచ్చిన చోటు ఇప్పుడు ఆ దాపరికం వల్లే చేజారిపోయేలా ఉంది.

తొరీబియో మళ్లీ వసారాలోకి పరిగెత్తాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? ఫాదర్ అన్సెల్మో కాగితం చూపించి చల్లగా నవ్వాడు. అధికారి చెడ్డవాడేం కాదు. పొడుగ్గా, అలిసిపోయినట్టు ఉంటాడు, నడుం నొప్పితో గాడిద ఎక్కడానికి కూడా అవస్థపడతాడు. "ఇద్దరూ ఒప్పుకున్నది నేనొక్కణ్నే మార్చలేనయ్యా," అన్నాడు, నిజంగానే నొచ్చుకుంటూ.

ఆదివారం పూజ అయ్యాక చిత్రకారుడి చేత అందరి ముందూ ప్రమాణం చేయించారు. అతని పేరు లెస్మెస్. పలెన్సియా నుంచి వచ్చాడు, చర్చిలకు సెయింట్ల బొమ్మలు వేయడం అతని వృత్తి. సిలువ మీద చెయ్యి పెట్టినప్పుడు గోళ్ల సందుల్లో నీలం రంగు కనిపించింది.

"నా కంటికి కనపడనిది గీయను. కనపడినది దాచను," అన్నాడు లెస్మెస్.

ఊరంతా మొదటి మాట విని ఉసూరుమంది. వెనక నిలబడ్డ బ్రియాండా రెండో మాట దగ్గర ఆగిపోయింది. ఇంటికి వెళ్తూ దాన్ని నోట్లో శనగగింజలా అటూ ఇటూ తిప్పుకుంది.

మర్నాడు ఊట దగ్గర ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"ఊటను మోసుకెళ్లి గోపురానికి చూపించలేం. ఊటలో తడిసినవి చూపించొచ్చుగా. చలికాలం ముందు వేసే పెద్ద ఉతుకు ఇప్పుడే వేద్దాం. ఊళ్లో ఉన్న ప్రతి దుప్పటీ, ప్రతి మేజాగుడ్డా ఇక్కడ తడవాలి. ఊరి చివరి ఇంటి నుంచి మొదలెట్టి దారి పొడుగునా, ఈ గట్టు నెత్తి దాకా ఒకదాని కొస ఒకటి ఆనించి పరుద్దాం. గోపురం మీంచి చూసేవాడికి తెల్లగా బాట కనపడాలి. కనపడింది దాచనన్నాడుగా, దాచమను చూద్దాం."

పక్కింటి ఒలాయా మూతి విరిచింది. ఒలాయాది మంచి మనసే గానీ, నోరు తెరిస్తే ముందు ముల్లే వస్తుంది.

"పరుద్దాం అక్కా, పరుద్దాం. మా ఇంటి దుప్పట్లలో బట్ట కంటే మాసికలే ఎక్కువ. వయ్యదొలీద్ జడ్జీలు కూడా చూసి తరించాలి వాటిని."

"మాసికలు అంత దూరం కనపడవులేవే. దూరం నుంచి చూస్తే రాణిగారి దుప్పటీ నీ దుప్పటీ ఒకటే."

"కోర్టువాళ్లు దగ్గరికొస్తే?"

"వస్తే మరీ మంచిది. తడి చూస్తారు. వాన పడి ఎన్నాళ్లయింది? చౌక్‌లో బావి అడుగంటింది. ఎండాకాలం నడినెత్తిన ఇంత తడి ఎక్కణ్నుంచి వచ్చిందని అడగకుండా ఉండగలరా?"

మాసిన గుడ్డలు నలుగురిలో ఉతకడం ఎవరికీ ఇష్టముండదు, చిరిగినవి నలుగురిలో పరవడం అంతకంటే కష్టం. అయితే ఈ ఊట మఠం గొర్రెల పాలైతే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఉతుక్కోవడానికి ప్రతిసారీ నది దాకా పోవాలి, అంటే పొద్దంతా పోతుంది. అందరికీ అది కష్టమే, బ్రియాండాకైతే కూడే పోతుంది. ఒకరి ఇంట్లో పనిచేస్తూ వాళ్ల వంటింటి మూల పడుకునే రోజులు ఆమెకు ఎదురుగా కనిపిస్తున్నాయి. అలా బతకడం కంటే ఏం చేయడానికైనా సిద్ధపడింది.

చివరికి ఒలాయాయే లేచింది. "సరే పదండి. మా ఆయన లోగుడ్డలు కూడా తెస్తా. మఠం వాళ్లు వాటినీ చూసి దండం పెట్టుకుంటారు."

మొదటి రోజు బానలు పొయ్యిల మీదికెక్కాయి. బూడిద నీళ్లలో దుప్పట్లు ఉడికాయి. రెండో రోజు తెల్లారుతూనే జాడించి, పిండకుండా, నీళ్లు కారుతుండగానే మోసుకెళ్లి పరచడం మొదలుపెట్టారు. గోపురం మీద లెస్మెస్ బల్ల వేసుకుని కూర్చునే వేళకి తెల్లబాట ఊరి చివరి నుంచి గట్టు సగం దాకా పాకింది. మగవాళ్లు కూడా వచ్చి చేయి వేశారు. తొరీబియో చేసిన తప్పుకు ప్రాయశ్చిత్తంలాగా తడి మూటలు భుజాన మోశాడు, ఎప్పుడూ మోయనివాడు.

అన్నీ పరిచాక చూస్తే గట్టు నెత్తి దగ్గర ఒక దుప్పటి పొడుగు ఖాళీ మిగిలింది. ఊళ్లో ఇంక గుడ్డ లేదు. కిందివి కాస్త దూరం దూరంగా జరుపుదామంటే బాట తెగి, ఎక్కడికక్కడ ఆరేసుకున్నట్టు ఉంటుంది. నెత్తి దాకా రాకపోతే, గట్టు ఇవతలే ఎక్కడో ఉతికి ఆరేశారంటారు. అసలు చూపించాల్సింది ఆ దాటడమే.

బ్రియాండా ఇంటికి వెళ్లింది. పెట్టె అడుగున, ఎండిన లావెండర్ కొమ్మల మధ్య ఉన్నదాన్ని తీసింది. అది ఆమె చావు దుప్పటి.

వాల్దెసార్సాలో ప్రతి ఆడదీ తన చావు దుప్పటి తనే సిద్ధం చేసుకుంటుంది. నార తనే వడుకుతుంది, నేయించి, మడిచి పెట్టెలో పెడుతుంది. బతికుండగా దాన్ని విప్పి పరచకూడదు, పరిస్తే చావును పిలిచినట్టే. ఇక దాన్ని తడపడమనేది ఊహకు కూడా రాని మాట. పోయాక ఇరుగుపొరుగు ఆడవాళ్లు మొదటిసారి తడిపి, ఆరబెట్టి చుడతారు. తన చేత్తో తడుపుకుంటే అది ఇంక చావు దుప్పటి కాదు, ఉత్త గుడ్డ. బ్రియాండా మొగుడు కరువులో పోయాడు. ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ అప్పటికే ధాన్యం కోసం అమ్మేశారు. అతన్ని పిండి గోనెలో చుట్టి పూడ్చారు. గోనె మీద మిల్లు గుర్తు నల్లగా కనిపిస్తూనే ఉంది, మట్టి కప్పేదాకా. తనకు మాత్రం ఆ గతి పట్టకూడదని ఎన్నో చలికాలాలు కుంపటి దగ్గర కూర్చుని ఈ నార వడికింది. లోకంలో ఆమె సొంతమని చెప్పుకోదగ్గ మంచి వస్తువు అదొక్కటే.

గట్టు నెత్తిన దాన్ని విప్పుతుంటే ఒలాయా చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అది... నీ చావు దుప్పటా? మతి పోయిందా అక్కా? చావును చేతులూపి పిలుస్తున్నావే."

"పిలిస్తేనే వచ్చేదైతే మా ఆయన ఇంకా ఉండేవాడు. నేనెప్పుడూ పిలవలేదుగా."

"నవ్వులాట కాదు. అందరివీ కలిపి ఏదో ఒకటి చూద్దాం, ఆగు."

"ఏం చూస్తావే? ఊళ్లో గుడ్డ మిగలలేదు. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు భయపడితే ఎలా? పరవడమేగా. తడపనులే."

పరవడం వేరు, తడపడం వేరు అని తనకు తానే చెప్పుకుంది బ్రియాండా. మడతల గుర్తులతో ఆ కొత్త తెల్లదనం గట్టు నెత్తి మీద పరుచుకుంటే, కింద ఉన్న పాత దుప్పట్లన్నీ దాని ముందు గోధుమరంగులో కనిపించాయి.

మధ్యాహ్నం ఎండలో నలుగురు మనుషులు బాట పక్కనే గట్టెక్కుతూ కనిపించారు. ముందు గాడిద మీద అధికారి, పక్కన చంకలో పలకతో లెస్మెస్, వెనక పొడుగు అంగీ అంచు ఎత్తిపట్టుకుని ఫాదర్ అన్సెల్మో, అందరికంటే వెనక రొప్పుతూ తొరీబియో. లెస్మెస్ గోపురం మీంచి తెల్లబాటను చూశాడట. అదేమిటో తేలకుండా గీయనన్నాడట. "మందలా గీస్తే మంద అంటారు, మంచులా గీస్తే మంచు అంటారు. ఆగస్టులో మంచు గీశానని జడ్జీలు నన్ను పిచ్చివాడంటారు," అని మొండికేశాడట. గోపురం మీంచి కనపడిన మేరకు దగ్గర నుంచి చూడ్డానికి అధికారి ఒప్పుకున్నాడు. గట్టు నెత్తి దాటి ఒక్క అడుగు కూడా వేయకూడదని ఫాదర్ షరతు పెట్టాడు. ఇదంతా తొరీబియో వాళ్లను దాటుకుని ముందుగా పరిగెత్తుకొచ్చి ఆయాసపడుతూ చెప్పాడు.

అధికారి గాడిద దిగి ఒక దుప్పటి కొస పట్టుకుని పిండాడు. నీళ్లు ధారగా కారి బూట్లు తడిశాయి.

"ఎక్కడివి ఈ నీళ్లు?"

"ఊటవి," అన్నారు ఆడవాళ్లంతా ఒకేసారి.

"ఊరి బావివి," అన్నాడు ఫాదర్. "కుండలతో మోసి తడిపారు. అధికారిగారు నాటకాలు చూసే ఉంటారు."

"మా బావిలో కప్పకు కూడా నీళ్లు చాలవు ఫాదరుగారూ," అంది ఒలాయా.

ఫాదర్ ఆ మాట పట్టించుకోలేదు. గుడ్డు మీద ఈకలు పీకే మనిషి ఆయన. ఒక్కో దుప్పటినీ కొసతో ఎత్తి చూసుకుంటూ గట్టు నెత్తి దాకా వచ్చాడు. చివరిదాన్ని తాకి ఆగాడు. ఆయన ముఖం వెలిగింది.

"ఇదుగో. ఇది చూడండి. పొడిగా ఉంది. మడతలు ఇంకా పోలేదు. ఇది ఎక్కడా ఉతికింది కాదు, ఇప్పుడే పెట్టెలోంచి తీసుకొచ్చి వేశారు. ఒకటి అబద్ధమైతే మిగతావన్నీ అబద్ధమే."

అధికారి వంగి చూశాడు. మడతల గుర్తుల మీద వేలు నడిపాడు. అతని ముఖంలో ఉన్న దయ తగ్గిపోవడం బ్రియాండాకు స్పష్టంగా కనిపించింది.

"ఇది ఎవరిది?"

ఆడవాళ్లు తలలు దించుకున్నారు. బ్రియాండా ముందుకొచ్చింది.

"నాదే."

"ఎందుకు తడపలేదు?"

"అది నా చావు దుప్పటి కాబట్టి. ఊళ్లో గుడ్డలు అయిపోయాయి. బాట ఇక్కడికి రావాలి. నా దగ్గర ఉన్నది ఇదే. నాటకం ఆడటానికి ఎవరూ చావు దుప్పటి విప్పరు అధికారిగారూ. మీ ఊళ్లో విప్పుతారేమో నాకు తెలియదు."

అధికారి టోపీ తీసి, సిలువ గుర్తు వేసుకున్నాడు. తల్లిని తలుచుకున్నాడో, భార్యను తలుచుకున్నాడో. అప్పుడు ఫాదర్ అన్సెల్మో తన తెలివి అంతా వాడాడు. ఈ ఊళ్లో ఎంతో మందిని పూడ్చిన మనిషి ఆయన, ఏ ఆడదీ ఏది చేయదో ఆయనకు బాగా తెలుసు.

"పాపం, పుణ్యాత్మురాలు," అన్నాడు మెత్తగా. "అయితే చిన్న పని, బ్రియాండా. ఊట ఉందంటున్నావు కదా, ఈ గుడ్డ పొడిగా ఉంది కదా. అధికారిగారి కళ్ల ముందే నీ చేత్తో దీన్ని తడిపి చూపించు. అప్పుడు మఠం కూడా నమ్ముతుంది."

ఆడవాళ్లలో గుసగుస లేచింది. ఒలాయా పళ్లు కొరికి, "పాము," అంది, అందరికీ వినపడేలా.

అధికారి మాత్రం తలెత్తి ఫాదర్ వంక చూశాడు. "ఇది మఠం తరపున అడుగుతున్నారా?"

"మఠం తరపునే అడుగుతున్నాను."

"సరే," అని అధికారి ఆ మాట కాగితం మీద రాసుకున్నాడు.

బ్రియాండా దుప్పటి ముందు నిలబడింది. ఆమెకు భయం వేసింది. మామూలు భయం కాదు, పిండి గోనె భయం. మిల్లు గుర్తు తన గుండెల మీద ఉన్నట్టు అనిపించింది. ఎన్ని చలికాలాలు వడికింది ఆ నార, వేళ్లు పగిలి నెత్తురు వస్తే గుడ్డకు అంటకుండా నోట్లో పెట్టుకుని మరీ వడికింది. వద్దంటే ఎవరూ ఏమీ అనరు. ఊరంతా తనని ఓదారుస్తుంది. కానీ ఓదార్పులతో బట్టలు ఉతకలేం. చచ్చాక మంచి గుడ్డలో పడుకోవడానికి, బతికున్నన్నాళ్లూ ఒకరి వంటింట్లో పడుకోవాలా?

ఆమె వంగి దుప్పటిని ఎత్తి భుజాన వేసుకుంది.

"గట్టు దాటకూడదని ఫాదరుగారే షరతు పెట్టారట. ఇప్పుడు ఆయనే తడిపి చూపించమంటున్నారు. ఊట అటువైపు ఉంది. నేను పోతున్నా. కళ్ల ముందే అన్నారు కాబట్టి, కళ్లున్నవాళ్లు రండి."

ఫాదర్ నోరు తెరిచాడు. అధికారి చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. "అడిగింది మీరే. రాసుకున్నాను కూడా," అని గట్టు నెత్తి దాటి మొదటి అడుగు తనే వేశాడు.

లోవలో ఊట ఎప్పటిలాగే ఉంది, దావా సంగతి దానికి తెలియదు. రాళ్ల సందులోంచి నీళ్లు వచ్చి తొట్టిలో పడుతున్నాయి. చుట్టూ బట్టలు బాదే బండలు, వరసగా పొయ్యిలు, మనిషి నడుమెత్తు బూడిద కుప్ప. అధికారి ఒక బండ దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. తరాల మోకాళ్లు ఆని ఆని ఆ బండ ముందరి రాయి గిన్నెలా గుంటపడింది. అతని మోకాళ్లు అందులో సరిగ్గా ఇమిడాయి. నడుం నొప్పి మనిషి కదా, లేవడానికి కాసేపు పట్టింది. లేచాక రాసుకున్నాడు.

బ్రియాండా ఎప్పటిలాగే పావడా మోకాళ్లపైకి ఎగదోపుకుంది, చేతులు పైకి మడుచుకుంది. మగవాళ్లు ఉన్నారని ఒక్క వేలెడు కూడా దించలేదు. దుప్పటిని తొట్టిలోకి వదిలింది. తెల్లగుడ్డ ఒక్కసారి పొంగి, నీళ్లు తాగి కిందికి దిగింది.

"చాలమ్మా," అన్నాడు అధికారి నెమ్మదిగా. "చూశాను. ఇంక తీసెయ్."

"తడపడం సగం పని. మొదలుపెట్టింది పూర్తిచేయాలి," అంది బ్రియాండా. దుప్పటిని పైకి లాగి, బూడిద నీళ్లు పోసి, బండ మీద బాదింది. ఆ చప్పుడు లోవంతా మోగింది. ముఖం మీద నీళ్లు కారుతున్నాయి, అందులో ఊట నీళ్లెన్నో, ఆమె సొంతమెన్నో చూసేవాళ్లకు తెలియలేదు. దాచుకోవడానికి ఆమె ప్రయత్నించలేదు కూడా.

పిండే వేళకు ఒలాయా వచ్చి రెండో కొస పట్టుకుంది. పెద్ద దుప్పటి పిండడం ఒక్కరి వల్ల కాదు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి మెలిపెట్టారు. ఒలాయా ఏడుస్తూనే తిడుతోంది, మఠాన్నీ, దావానూ, తొరీబియోనూ, బ్రియాండానూ కలిపి. లెస్మెస్ ఒక రాయి మీద కూర్చుని బొగ్గుముక్కతో గీస్తూనే ఉన్నాడు. ఫాదర్ అన్సెల్మో గట్టు నెత్తినే ఉండిపోయాడు. ఆయన చూపు మాత్రం లోవలోకి కాస్త దిగింది.

పటం పూర్తయ్యాక సీలు వేయకముందు రెండు పక్షాలకూ చూపించాలని నియమం. చర్చి వసారాలో బల్ల మీద పరిచారు. ఊరివాళ్లు ఒకరి మీద ఒకరు పడి చూశారు. కొండలన్నీ వెల్లకిలా పడుకున్నట్టు ఉన్నాయి. ఊళ్లో ఉన్న పొగగొట్టాలన్నీ లెక్కగా పెట్టాడు, ఆ ఇళ్లవాళ్లు మురిసిపోయారు. ఊరి చివరి నుంచి గట్టెక్కే తెల్లబాట ఉంది. గట్టును కాస్త పక్కకు ఒంచి, దాని వెనక లోవను విప్పి చూపించాడు. లోవలో నీలంగా ఊట. ఊట పక్కన తెల్లగుడ్డతో ఒక ఆడమనిషి, ఊళ్లో చర్చి అంత పెద్దగా.

"నేను ఇంత ఉన్నానేంటి?" అంది బ్రియాండా.

"సెయింట్ల బొమ్మలు వేసే చెయ్యమ్మా ఇది," అన్నాడు లెస్మెస్. "ముఖ్యమైనవాళ్లు పెద్దగా వస్తారు. అలవాటు."

ఫాదర్ అన్సెల్మో గొంతు సవరించుకున్నాడు. ఊట గురించి ఆయన ఇంక మాట్లాడలేడు, తను అడిగిన మాటే రాతలో ఉంది. అందుకని బొమ్మలోని కాళ్ల మీదికి మాట మళ్లించాడు. "ఈ పటం పెద్దమనుషుల ముందు పరిచేది. ఆడమనిషి పిక్కలు కనపడుతున్నాయి. నేలకు సంబంధం లేనిది. ఆమెను చెరిపేయడం మర్యాద."

"కనపడింది దాచనని ప్రమాణం చేశాను," అన్నాడు లెస్మెస్. కానీ అధికారి కాస్త తటపటాయించి బ్రియాండా వైపు తిరిగాడు. "మనిషివి నువ్వు. నీకు సిగ్గనిపిస్తే చెప్పు, తీయిస్తాను. ఊట మాత్రం ఉంటుంది."

వసారాలో మగవాళ్లంతా నేల చూపులు చూశారు. ఆమె మొగుడి తమ్ముడు కూడా అక్కడే ఉన్నాడు, తీయించమన్నట్టు సైగ చేశాడు. బ్రియాండా బల్ల మీదికి వంగి ఆ బొమ్మను తీరిగ్గా చూసింది. మడమల దగ్గర నుంచి మోకాళ్ల దాకా చూసింది. చేతిలో ఉన్న తెల్లగుడ్డను ఎక్కువసేపు చూసింది.

"గోపురానికి కనపడకూడదనే ఇన్నాళ్లూ లోవలో ఉతికాం," అంది. "కనపడకుండా ఉంటే ఏమవుతుందో ఇప్పుడు తెలిసింది. మనిషి లేని ఊటను ఎవరైనా నాదంటారు. ఉండనీయండి. పిక్కలతో సహా ఉండనీయండి."

సీలు వేశారు. పటాన్ని గొట్టంలా చుట్టి గాడిద మీదికెక్కించారు. "చూశావా," అంది బ్రియాండా ఒలాయాతో, "నా చావు దుప్పటి నాకంటే ముందే వయ్యదొలీద్ పోతోంది."

కోర్టు కదా, నత్తలు కూడా దాన్ని చూసి నవ్వుకుంటాయి. తీర్పు వచ్చేసరికి ఒలాయా కూతురికి పెళ్లయి బిడ్డ కూడా పుట్టింది. ఊట ఊరిదే అన్నారు. ఆ రోజు మఠం గంటలు మోగలేదు, ఊళ్లోవాళ్లు వంటింటి గిన్నెలు మోగించుకున్నారు.

దుప్పటి పరిచింది కాబట్టి బ్రియాండా ఆ ఏడాదే పోతుందని ఊరంతా ఎదురుచూసింది. ఆమె పోలేదు. తడిపిన గుడ్డను మళ్లీ పెట్టెలో పెట్టడంలో అర్థం లేదని మంచం మీద పరుచుకుంది. చచ్చాక పడుకోవాల్సిన మెత్తటి నార మీద బతికుండగానే పడుకుని, రోజూ ఊటకు వెళ్లి, అది చిరిగేదాకా వాడింది. చిరిగాక మాసిక వేసింది. మాసిక కూడా చిరిగాక గచ్చు తుడుచుకుంది. మళ్లీ ఇంకో చావు దుప్పటి వడికే ఓపిక గానీ, డబ్బు గానీ ఆమెకు రాలేదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు, గోనె భయం మాత్రం చివరిదాకా ఉంది.

ఒక చలికాలం పొద్దున ఆమె లేవలేదు. పెట్టె తెరిచి చూసి ఒలాయా, "ఖాళీ," అంది. సత్రం వాళ్లు పిండి గోనె తెస్తే, దాన్ని గుమ్మం బయటే పారేసింది. తర్వాత ఇంటింటికీ వెళ్లింది. ఆ రోజు గట్టు మీద దుప్పటి పరిచిన ప్రతి ఇల్లూ అదే దుప్పటి నుంచి ఒక పేలిక చింపి ఇచ్చింది. తొరీబియో పెళ్లాం ఇచ్చింది, మొగుడి తమ్ముడి ఇల్లూ ఇచ్చింది. ఆడవాళ్లు కూర్చుని వాటిని ఒకదాని కొస ఒకటి కలిపి కుట్టారు. చూడ్డానికి అందంగా ఏమీ లేదు, బట్ట కంటే కుట్లే ఎక్కువ. పాత ఆచారం ప్రకారం దాన్ని మొదటిసారి తడపాలి కదా, అందరూ కలిసి గట్టు దాటి లోవలోకి మోసుకెళ్లారు.

"దీన్ని ఇంక తడిపేదేముంది," అంది ఒలాయా, పావడా ఎగదోపుకుంటూ. "ఇవన్నీ ఈ నీళ్లలో తడిసినవే."

అయినా ఉతికారు.